రాతినేల మీద పండ్ల పెరడు

దక్షిణ ఫ్లోరిడాలో పండ్ల చెట్టుకు కావలసినంత ఎండ ఉంది, అవసరానికి మించిన వాన ఉంది. లేనిదల్లా మట్టి. మయామీ నుంచి దక్షిణంగా హోమ్‌స్టెడ్ పట్టణం దాకా ఎక్కడ గునపం వేసినా కొద్ది అంగుళాల లోతులోనే రాయి తగులుతుంది. సుమారు లక్షా పాతికవేల ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికన్నా ఎత్తున ఉన్న కాలంలో, లోతులేని నీళ్ల అడుగున సున్నం చిన్న చిన్న గుళికలుగా పేరుకుని గట్టిపడిన రాయి అది. దాని మీద మొదట పెరిగింది పైన్ చెట్ల అడవి. ఆ అడవిని నరికి గత నూట ఇరవై ఏళ్లలో మామిడి, అవకాడో, లిచీ, సీతాఫలం పెంచారు. ప్రపంచమంతటా ఎగుమతి అవుతున్న మామిడి రకాలు కొన్ని పుట్టింది ఈ ప్రాంతంలోనే. సీతాఫలానికి నీళ్లలో నిలిచి బతికే చుట్టం కూడా ఇక్కడి చిత్తడి నేలల్లోనే ఉంది. బయటినుంచి వచ్చిన పండ్ల చెట్లూ, ఆ నేలకే చెందిన మొక్కలూ ఒకే పెరట్లో ఎలా బతకగలవో, ఎక్కడ బతకలేవో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

మయామీ ఉన్నది దాదాపు 25.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మన దేశంలో పట్నా కూడా ఇంచుమించు ఆ గీత మీదే ఉంటుంది. ఏటా 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌ వానకు అది రెట్టింపుకు దగ్గర. అందులో చాలా భాగం మే మధ్య నుంచి అక్టోబరు చివరిదాకానే కురుస్తుంది. చలికాలం పొడిగా, తేటగా గడుస్తుంది. తెలుగునాట వానాకాలం గడిచే తీరుకు ఇది దగ్గరగానే ఉన్నా తేడా చలిలో ఉంది. ఉత్తరం నుంచి చల్లగాలి ఒక్కసారిగా దిగివచ్చిన రాత్రి గంటల వ్యవధిలో గడ్డకట్టే చలి కమ్ముకోవచ్చు. 1977 జనవరి 19న మయామీలో మంచు రేణువులు రాలాయి. పెద్ద మామిడి చెట్టు సున్నాకు నాలుగు డిగ్రీల దిగువను కొన్ని గంటలపాటు తట్టుకుంటుంది గాని, నాటి ఏడాది రెండేళ్లయిన మొక్కకు సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు దిగినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే తీరానికి దగ్గరగా, సముద్రపు వెచ్చదనం తగిలే చోట చెట్టు నిలబడుతుంది. కొద్ది కిలోమీటర్లు లోపలికి వెళితే అదే రకం ఆకు మాడిపోతుంది. పెరడు స్థాయిలో ఇదే సూత్రం ఇంటి దక్షిణపు గోడ దగ్గర పనిచేస్తుంది. పగలంతా ఎండ పీల్చిన గోడ రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది.

రాయిని దున్ని

మొదటితరం రైతులు ఈ రాతిలో గుంతలు తవ్వడానికి డైనమైట్ వాడారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ట్రాక్టర్లకు బరువైన ఉక్కు నాగళ్లు తగిలించి రాతి పైపొరను పిండిచేయడం మొదలైంది. తోటల్లో అడ్డంగా, నిలువుగా అడుగున్నర నుంచి రెండడుగుల లోతు కాలువలు కోసి, అవి కలిసే చోట చెట్టు నాటుతారు. కాలువలో నిండిన నలిగిన రాయీ, దానితో కలిసిన కాస్తంత మట్టే చెట్టు వేళ్లకు ఆధారం.

ఈ నేల ఉదజని సూచిక 7.4 నుంచి 8.4 దాకా ఉంటుంది. అంత క్షారం ఉన్న చోట ఇనుము, మాంగనీసు, జింకు నేలలో ఉన్నా వేరుకు అందవు. కొత్త చిగురు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం ఇనుపలోపానికి తొలి గుర్తు. తెలుగు రాష్ట్రాల్లో సున్నం ఎక్కువున్న నేలల్లో బత్తాయి, నిమ్మ తోటలు పెంచేవారికి ఇది బాగా తెలిసిన ఆకే. పాదులో అన్నభేది చల్లితే సరిపోతుందనుకోవడం సహజం. కానీ సున్నపురాతి మీద ఆ ఇనుము కొద్దిరోజుల్లోనే మళ్లీ కరగని రూపంలోకి మారిపోతుంది. ఫ్లోరిడా తోటల్లో అందుకే ఇడిడిహెచ్ఏ అనే ప్రత్యేకమైన చీలేట్ రూపంలో ఇనుమును నీళ్లలో కలిపి వేసవిలో పాదుకు పోస్తారు. జింకు, మాంగనీసులను ఆకుల మీద పిచికారీ చేస్తారు. మందుల ఖర్చు చూసి వెనకాడేవాళ్లు మొదట చేయవలసింది మరొకటి ఉంది. చెట్టు కింద రాలిన ఆకును ఊడ్చి పారేయకుండా రెండు నుంచి ఆరు అంగుళాల మందంలో పరిచి ఉంచాలి. కాండానికి ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల దూరం వదలాలి. తడి ఆకు కాండాన్ని అంటి ఉంటే బెరడు కుళ్లుతుంది. ఆ ఆకు కుళ్లి మట్టయ్యే చోటే ఈ రాతినేల కాస్త మెత్తబడుతుంది, నీటిని కాస్త పట్టి ఉంచుతుంది.

నీరు నిలిచే లోతట్టు పెరడైతే రెండు మూడడుగుల ఎత్తు మట్టిదిబ్బ పోసి దాని మీద నాటాలి. ఎరువు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు వేయాలి. ఈ సన్నటి మట్టి కింద, చిల్లులు చిల్లులుగా ఉన్న రాతిలోనే మయామీ తాగే నీరు ఉంది. బిస్కేన్ జలస్తరం అనే ఆ భూగర్భజలాన్ని వాన కడిగిన ఎరువు చేరడానికి ఎక్కువకాలం పట్టదు. ఇంటి వెనక ఒక్క చెట్టుకు ఎరువు వేసేవారు కూడా ఊరందరి నీటికి బాధ్యులే.

ఒక చెట్టు బతికిన కథ

1889లో అమెరికా వ్యవసాయశాఖ భారతదేశం నుంచి మామిడి అంట్లు తెప్పించింది. లేక్ వర్త్ సరస్సు ఒడ్డున, నేటి వెస్ట్ పామ్ బీచ్ దగ్గర స్థిరపడిన కొందరికి వాటిని పంచారు. ఉద్యానశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసి అక్కడ విశ్రాంతి తీసుకుంటున్న ఎల్‌బ్రిడ్జ్ గేల్ తన వంతు చెట్లు పెంచాడు. 1894-95 శీతాకాలంలో ఫ్లోరిడాను రెండుసార్లు కమ్మిన గడ్డు చలి రాష్ట్రంలోని నారింజ తోటలను తుడిచిపెట్టింది. ఆ అంట్లలో బతికినది మల్గోబా అనే రకపు చెట్టు ఒక్కటే. 1898లో అది కాసింది. నార లేని, పరిమళం ఉన్న ఆ కాయ తిన్నాకే ఫ్లోరిడాలో మామిడి తోట వేయవచ్చని నమ్మకం కుదిరింది.

కెప్టెన్ జాన్ హేడెన్ 1902లో మల్గోబా టెంకలు తెచ్చి మయామీ శివారులోని కొకొనట్ గ్రోవ్‌లో నాటాడు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. భార్య ఫ్లోరెన్స్ ఆ మొక్కలను పెంచింది. 1910లో వాటిలో ఒకటి ఎర్రని బుగ్గలున్న పెద్ద కాయలు కాసింది. దానికి ఆ కుటుంబం పేరే నిలిచింది.

తల్లిచెట్టు మల్గోబా అయినప్పుడు పిల్లచెట్టు కాయ వేరేగా ఎందుకుంది? మామిడి పెంచే తెలుగు రైతుకు దీని జవాబు అనుభవంలో ఉంది. టెంక పాతితే తల్లికాయ రాదు, అంటు కడితేనే వస్తుంది. భారతీయ రకాల టెంకలో సాధారణంగా ఒకే మొలక ఉంటుంది, అది పరాగ సంపర్కం వల్ల పుట్టిన సంకరం. ఆగ్నేయాసియా రకాల టెంకలో అనేక మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ తల్లినే పోలి ఉంటాయి. తర్వాతి కాలపు జన్యు విశ్లేషణ హేడెన్ తండ్రి టర్పెంటైన్ రకమని చూపింది. అది కరిబియన్ దీవుల మీదుగా అంతకుముందే ఫ్లోరిడా చేరిన నాటు మామిడి. పీచు, ఘాటైన వాసన ఉన్న సామాన్యపు కాయ. కానీ దాని వేళ్లు సున్నపురాతిని తట్టుకుంటాయి. నేటికీ దక్షిణ ఫ్లోరిడా నర్సరీల్లో మేలురకం అంటు కట్టేది టర్పెంటైన్ టెంక మొక్క మీదే. పండు మేలురకానిది, వేరు నాటురకానిది. సున్నపునేలలో పెరట్లోకి మామిడి మొక్క కొనేవారు పైన ఏ రకం ఉందని అడిగినంత శ్రద్ధగా కింద ఏ వేరుమూలం ఉందని అడగాలి.

హేడెన్ సంతతి నుంచి టామీ అట్కిన్స్, దాని వంశపు మరో పాయ నుంచి కెంట్ వచ్చాయి. మెక్సికో, బ్రెజిల్, పెరూ దేశాలు అమెరికాకు, యూరప్‌కు ఎగుమతి చేసే మామిడిలో సింహభాగం ఫ్లోరిడాలో పుట్టిన రకాలే. ఈ విజయాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. టామీ అట్కిన్స్ గెలిచింది రుచి వల్ల కాదు. మందపు తోలు, తెగుళ్లను తట్టుకునే గుణం, వారాల ప్రయాణం తర్వాత కూడా చెడని ఎర్రరంగు దాన్ని గెలిపించాయి. బంగినపల్లి, చిన్నరసం తిన్న నోటికి అది చప్పగా, పీచుగా ఉంటుంది. పెరటి చెట్టుకు అంగడి లెక్కలు అక్కర్లేదు. ఇంటి దగ్గర పండించుకునేవారు రుచి కోసం ఎంచుకోవాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నీలం, దశేరీ రకాలను కలిపి రూపొందించిన మల్లిక ఫ్లోరిడా పెరళ్లలో ఇష్టంగా పెంచే రకాల్లో ఒకటి కావడానికి కారణం అదే. చెట్టు పొట్టిగా ఉంటుంది. కాయ పచ్చిగా కోసి ఇంట్లో ముగ్గబెడితే తీపి, పరిమళం రెండూ కుదురుతాయి.

చలికాలపు చల్లని రాత్రులు మామిడి పూతకు దోహదం చేస్తాయి. పూత డిసెంబరు నుంచి మార్చి దాకా, కోత మే నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. పూత మీద జల్లు పడిందంటే ఆంత్రాక్నోస్ మచ్చతెగులు పూతనంతా నల్లగా మాడ్చేస్తుంది. పూత విచ్చుకునే ముందే రాగి మందు కొట్టడం ఒక మార్గం. గాలి ఆడేలా కొమ్మలు పలచన చేయడం అంతకన్నా మేలైన మార్గం. కోత ముగిసిన వెంటనే కత్తిరించి చెట్టును పది పదిహేను అడుగుల ఎత్తులో ఆపాలి. ఎత్తుగా పెరిగిన చెట్టు మీది కాయ పక్షులకూ నేలకూ తప్ప మనిషికి అందదు. గాలివానకు పడిపోయేదీ అలాంటి చెట్టే.

సీతాఫలం, దాని నీటి చుట్టం

తెలుగునాట సీతాఫలం అడవి చెట్టే అనిపించేంతగా కలిసిపోయింది. మహబూబ్‌నగర్ గుట్టల్లో నాటకుండానే పెరుగుతుంది, బాలానగర్ పేరుతో ఒక రకమే ప్రసిద్ధి. అయినా దాని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. పోర్చుగీసువారి ఓడల్లో మన తీరానికి వచ్చింది. దక్షిణ ఫ్లోరిడాలో అది పుట్టింటికి దగ్గరలోనే ఉన్నా అక్కడ దానికి తెలుగు గుట్టల మీది నిర్భయం లేదు.

మొదటి ఇబ్బంది పూవుది. సీతాఫలం పూవు మొదట ఆడపూవుగా తెరుచుకుంటుంది, తర్వాత మగపూవుగా మారి పుప్పొడి రాలుస్తుంది. ఒకే పూవులో రెండు దశలూ ఒకేసారి కుదరవు. చిన్న పెంకుపురుగులు ఒక పూవు నుంచి ఇంకో పూవుకు పుప్పొడి మోస్తేనే పిందె పడుతుంది. ఆ పురుగులు తక్కువున్న చోట కుంచెతో పుప్పొడి సేకరించి, ఆడదశలో ఉన్న పూవుకు అద్దుతారు. ఆ కాస్త శ్రమకే కాపు చాలా పెరుగుతుంది. రెండో ఇబ్బంది గింజలో గుడ్లుపెట్టే కందిరీగ జాతి పురుగు. దాని పిల్ల గింజను తిని కాయను తొలుచుకుని బయటికొస్తుంది. చిన్న పిందె దశలోనే సంచి తొడిగితే దాన్ని ఆపవచ్చు.

1908లో మయామీలోని ప్రభుత్వ ప్రయోగశాలలో పి. జె. వెస్టర్ సీతాఫలాన్ని చెరిమోయాతో కలిపి కొత్త ఫలాన్ని పుట్టించాడు. దాన్ని అటెమోయా అంటారు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ తీసుకొచ్చిన అర్క సహన్‌కు తల్లిదండ్రుల్లో ఒకటి అటెమోయాయే. గింజలు తక్కువగా, కండ ఎక్కువగా ఉండే ఆ పండు ఆ మార్గంలో తెలుగు రాష్ట్రాల తోటలకూ చేరింది.

ఇదే కుటుంబంలో ఒక చెట్టు ఫ్లోరిడాకు సొంతం. చిత్తడిలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి బతికే పాండ్ ఆపిల్. ఒకేచోబీ సరస్సు దక్షిణ ఒడ్డున వేలాది ఎకరాల్లో ఆ అడవి ఉండేది. చెరకుకూ కూరగాయలకూ నేల కావాలని దాన్ని కొట్టేశారు. పండు తినవచ్చు గాని రుచి అంతంతమాత్రమే. దాని విలువ వేళ్లలో ఉంది. నీరు నిలిచే పెరట్లో సీతాఫలం, అటెమోయా వారాల్లో చచ్చిపోతాయి. పాండ్ ఆపిల్ వేరుమూలం మీద కట్టిన అంటు ఆ ముంపును తట్టుకుంటుంది. ఆ నేలకే చెందిన మొక్క బయటి పండుకు ప్రాణం పోసిన సందర్భమిది. ఇదే పాండ్ ఆపిల్‌ను ఇదే పనికోసం ఆస్ట్రేలియా తీసుకెళ్లారు. అక్కడ అది క్వీన్స్‌లాండ్ చిత్తడి అడవుల్లో దట్టంగా వ్యాపించి స్థానిక చెట్లను అణిచేసింది. ఆ దేశం దాన్ని జాతీయ స్థాయి కలుపుమొక్కగా ప్రకటించింది. ఒక మొక్క మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ఎక్కడ అన్న మాట చేర్చనిదే జవాబు రాదు.

తెగులు దాటిన కంచెలు

అవకాడో, లిచీ, లాంగన్, సపోటా, అరటి, బొప్పాయి ఈ ప్రాంతంలో బాగానే కాస్తాయి. లిచీకి చలికాలం కాస్త గట్టిగా ఉండాలి, వెచ్చని ఏడాది పూత రాదు. మునగ ఎక్కడ కొమ్మ గుచ్చినా పెరుగుతుంది.

అవకాడో కథలో మాత్రం ఆగాలి. ఆసియా నుంచి చెక్కపెట్టెల్లో వచ్చిందని భావించే ఒక చిన్న పెంకుపురుగు 2002లో జార్జియా రాష్ట్రంలో కనిపించింది. అది చెట్టులోకి ఒక శిలీంధ్రాన్ని మోసుకెళ్లి లోపల పెంచుకుంటుంది. ఆ శిలీంధ్రం నీటినాళాలను మూసేసి చెట్టును వారాల్లో ఎండగొడుతుంది. అది ముందుగా చంపింది తోటల్లోని అవకాడోలను కాదు, అవకాడో కుటుంబానికే చెందిన రెడ్‌బే అనే అడవి చెట్లను. ఆగ్నేయ అమెరికా అడవుల్లో కోట్లకొద్దీ రెడ్‌బేలు పోయాయి. వాటి ఆకు తిని బతికే పాలమెడీస్ సీతాకోకచిలుకకు ముప్పు వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి తెగులు హోమ్‌స్టెడ్ అవకాడో తోటలకు చేరింది. అడవికి తోటతో పనిలేదని, తోటకు అడవితో పనిలేదని అనుకునేవారికి ఈ ఒక్క తెగులు చాలు.

నారింజ, నిమ్మ కథ ఇంకా విషాదం. ఆసియా సిల్లా అనే రసం పీల్చే చిన్న పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది. అది మోసే గ్రీనింగ్ తెగులు 2005లో మయామీ ప్రాంతంలో బయటపడింది. కాయ పచ్చగానే ఉండి వంకరపోతుంది, చేదెక్కి రాలిపోతుంది, చెట్టు క్రమంగా ఎండుతుంది. మందు లేదు. 1997-98లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన రాష్ట్రం 2023-24లో 2 కోట్ల పెట్టెలు కూడా అందుకోలేదు.

ఈ పురుగుకు కరివేపాకు చిగురంటే ఇష్టం. కరివేప నిమ్మ కుటుంబపు మొక్క. దాని చిగురు మీద సిల్లా గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతుంది. అందుకే సిల్లా ఉన్న ఫ్లోరిడా నుంచి కరివేప మొక్కను ఇతర రాష్ట్రాలకు తీసుకెళ్లడం మీద సమాఖ్య ప్రభుత్వ ఆంక్షలున్నాయి. అదే కుటుంబానికి చెందిన మారేడు, వెలగ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కరివేప లేని తెలుగు పెరడు ఉండదు. ఇల్లు మారేటప్పుడు ఆ కుండీని కార్లో పెట్టుకుని వేరే రాష్ట్రానికి పోవాలనే ఆశ అర్థం చేసుకోదగినదే. కానీ ఒక్క కుండీలోని గుడ్లు ఒక లోయలోని తోటలన్నిటికీ చేటు తేగలవు. కొత్త ఊళ్లో గుర్తింపు పొందిన నర్సరీలోనే మొక్క కొనుక్కోవాలి. స్వదేశం నుంచి పెట్టెలో పండ్లు, విత్తనాలు, అంటు పుల్లలు తీసుకెళ్లకపోవడం కూడా ఇంతే ముఖ్యం. 2015లో ఓరియంటల్ పండుఈగ బయటపడ్డప్పుడు హోమ్‌స్టెడ్ పక్కనున్న రెడ్‌లాండ్ ప్రాంతంలో పంట కదపడం మీద నెలల తరబడి ఆంక్షలు అమలయ్యాయి. కాసిన పండు అమ్ముకోలేక రైతులు నష్టపోయారు.

రాతి మీద పుట్టిన మొక్కలు

పండ్లతోటలకు ముందు మయామీ ప్రాంతంలో దాదాపు 1,85,000 ఎకరాల్లో పైన్ రాక్‌లాండ్ అనే అడవి ఉండేది. పైన పలచగా పైన్ చెట్లు, కింద పొట్టి ఈతజాతి మొక్కలు, గడ్డి, వందలకొద్దీ చిన్న పూలమొక్కలు. కొన్నేళ్లకొకసారి పిడుగుపాటుకు అంటుకునే మంటే ఆ అడవిని పొదలు కమ్మేయకుండా కాపాడేది. ఎవర్‌గ్లేడ్స్ జాతీయ ఉద్యానవనం బయట ఇప్పుడు మిగిలినది రెండు శాతం కూడా లేదు. మిగిలిన ముక్కలు ఇళ్ల మధ్య, బడుల పక్కన చిన్న చిన్న మడులుగా ఉన్నాయి. మంట పెట్టడానికి ఇళ్లవాళ్లు భయపడతారు, మంట లేకపోతే అడవి ఉండదు.

ఆ అడవి నేలమట్టపు మొక్క కూంటీ. ఇది పూత పూయని, శంకువులు కాసే అతి ప్రాచీన వర్గానికి చెందిన మొక్క. తిరుమల శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే సైకస్ బెడ్డోమీ కూడా అదే వర్గం. కూంటీ దుంపలో పిండి ఉంటుంది, దానితో పాటు విషం కూడా. సెమినోల్ తెగవారు దుంపను దంచి, పదే పదే నీళ్లలో కడిగి, పిండి తీసి రొట్టెలు చేసుకునేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వలసవచ్చినవారు దానికి మిల్లులు పెట్టారు. అడవి నుంచి టన్నులకొద్దీ దుంపలు తవ్వారు. నెమ్మదిగా పెరిగే ఆ మొక్క ఆ తాకిడికి అడవిలో దాదాపు కనుమరుగైంది.

దానితో పాటు అటాలా అనే సీతాకోకచిలుక కూడా మాయమైంది. నల్లటి రెక్కల మీద నీలిపచ్చ చుక్కలు, ఎర్రటి పొట్ట ఉండే ఆ చిలుక స్థానిక మొక్కల్లో కూంటీ మీద మాత్రమే గుడ్లు పెడుతుంది. ఎర్రటి గొంగళిపురుగు ఆ ఆకులోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పక్షులు దాన్ని ముట్టవు. 1930ల చివరి నుంచి రెండు దశాబ్దాలపాటు అటాలా ఫ్లోరిడాలో ఎక్కడా కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1959లో మళ్లీ కనబడింది. తర్వాత దాన్ని తిరిగి నిలబెట్టింది నగరపు పెరళ్లే. నీరు పెద్దగా అడగదని, ఎండ నీడ రెండిటినీ తట్టుకుంటుందని ఇళ్లవాళ్లు, పార్కులవాళ్లు కూంటీని వరుసలుగా నాటడం మొదలుపెట్టారు. ఆ వరుసల మీద ఆకు తిన్న గుర్తులు కనబడితే మందు కొట్టకుండా వదిలేయడమే ఇక్కడ మనిషి చేయగల మేలు. నాలుగు ఆకులు పోయినా మొక్క మళ్లీ చిగురిస్తుంది. కూంటీలో ఆడ, మగ మొక్కలు వేరు కాబట్టి విత్తనం కావాలంటే రెండూ ఉండాలి. అడవిలో తవ్విన మొక్క కాక నర్సరీలో విత్తనం నుంచి పెంచినదే కొనాలి.

ఎత్తైన రాతి మీద, మంట చేరని చోట హామక్ అనే దట్టమైన వెడల్పాకు అడవి పెరుగుతుంది. ఎర్రని బెరడు పొరలుగా ఊడే గంబో లింబో, లైవ్ ఓక్, సపోటా కుటుంబపు సాటిన్‌లీఫ్ అక్కడి చెట్లు. లక్ష్మీతరు పేరుతో నూనెగింజల కోసం తెలుగు రాష్ట్రాల్లో నాటిన సీమరూబా కూడా ఈ హామక్‌లలో సొంత చెట్టే. తీరంలో సీ గ్రేప్, లోపలికి కోకోప్లమ్ కంచెలుగా పనికొస్తాయి. రెండిటి పండ్లూ తినవచ్చు, సీ గ్రేప్‌తో జెల్లీ చేస్తారు. నీడలో వైల్డ్ కాఫీ పెరుగుతుంది. ఎండలో ఫైర్‌బుష్ ఏడాది పొడవునా ఎర్రగా పూస్తుంది. తెలుగు నగరాల పార్కుల్లో అలంకారానికి పెంచే ఆ పొద ఇక్కడ తేనెపిట్టల ఆకలి తీర్చే స్థానిక మొక్క. జామ, నేరేడు కుటుంబానికి చెందిన సింప్సన్ స్టాపర్ తెల్లని సువాసన పూలతో, నారింజరంగు చిన్న కాయలతో పక్షులను పిలుస్తుంది.

గాలివానలో ఈ చెట్ల విలువ తేలుతుంది. 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను హోమ్‌స్టెడ్‌ను తాకినప్పుడు పండ్లతోటలు నేలకూలాయి. అప్పటికి ఈ ప్రాంతంలో పెద్దగా ఉన్న పచ్చనిమ్మ సాగు ఆ తర్వాత కోలుకోలేదు. రాతి మీద పరుచుకున్న లోతులేని వేళ్లతో నిలిచిన చెట్టును గాలి చేటంత వేరుతో సహా లేపేసింది. పడ్డ చెట్లను త్వరగా నిలబెట్టి, తడిపి, ఎండకు కాండం మాడకుండా సున్నం పూసినచోట కొన్ని బతికాయి. తర్వాతి పరిశీలనల్లో లైవ్ ఓక్, సబాల్ పామ్ వంటి స్థానిక చెట్లు గాలికి బాగా తట్టుకున్నాయని తేలింది. పండ్ల చెట్లకు గాలివచ్చే దిక్కున ఇవి అడ్డంగా ఉంటే తోటకు రక్షణ, స్థానిక చెట్టుకు చోటు రెండూ దొరుకుతాయి.

అక్కడ నేరేడు, ఇక్కడ నేరేడు

ఫ్లోరిడాలో అడవుల్లోకి చొరబడి స్థానిక మొక్కలను అణిచే వాటి జాబితాను అక్కడి నిపుణుల మండలి ప్రచురిస్తుంది. అందులో మొదటి తరగతిలో ఉన్న పేర్లు తెలుగువారిని కలవరపెడతాయి. నేరేడు ఉంది. జామ ఉంది. గంగరావి, గురివింద ఉన్నాయి. సపోటా కూడా ఉంది. తెలుగు ఊళ్లలో చెరువుగట్టు మీద నీడనిచ్చే నేరేడు, ఫ్లోరిడా హామక్‌లో పక్షులూ రకూన్‌లూ మోసిన గింజలతో మొలిచి, దట్టంగా కమ్మి, కింద ఏదీ పెరగనివ్వదు. సొంత నేలలో దాని కాయను, ఆకును, గింజను తినే పురుగులు, తెగుళ్లు ఉన్నాయి. ఫ్లోరిడాలో దాన్ని అదుపులో పెట్టేవేవీ లేవు. బ్రెజిల్ మిరియం, మెలలూకా కూడా అలాగే వచ్చినవే. అలంకారానికి, నీరు ఇంకడానికి మనుషులే తెచ్చి నాటారు, ఇప్పుడు వాటిని తీయడానికి ఏటా కోట్ల డాలర్లు ఖర్చవుతున్నాయి.

దీనికి విరుగుడు పండ్ల చెట్లన్నిటినీ వద్దనడం కాదు. మామిడి గింజను పక్షి మోయలేదు. మామిడి, అవకాడో, అరటి పెరడు దాటి అడవిలో పాకిపోవడం అరుదు. పక్షి మింగగలిగే చిన్నగింజల పండు అడవికి దగ్గరగా ఉన్న పెరట్లో ప్రమాదం. తేడా గింజ పరిమాణంలో, దాన్ని మోసే జంతువులో, పక్కనే ఉన్న అడవిలో ఉంది. ఆ మూడూ చూసి నిర్ణయించాలి. జామ మీద మక్కువ ఉన్నవారు కాయను పండనివ్వకుండా దోరగా కోసి, రాలినదాన్ని ఏరి పారేస్తూ, ఊరి మధ్య పెంచుకోవచ్చు. ఎవర్‌గ్లేడ్స్ అంచున ఉన్న పెరట్లో నేరేడు నాటడాన్ని మాత్రం ఏ మమకారమూ సమర్థించదు. అక్కడ ఆ కుటుంబం మీది ప్రేమను సింప్సన్ స్టాపర్ తీర్చగలదు.

చిన్న పెరట్లో వరుస ఇలా కుదురుతుంది. ముందు నీరు ఎక్కడ నిలుస్తుందో ఒక వానాకాలం గమనించాలి. ఎత్తున్న చోట, ఇంటికీ కరెంటు తీగలకూ దూరంగా ఒకటో రెండో మామిళ్లు. పల్లంలో పాండ్ ఆపిల్ వేరు మీది అటెమోయా. ఉత్తరపు అంచున, చలిగాలి వచ్చే వైపు, కోకోప్లమ్ లేదా స్టాపర్ కంచె. పండ్ల చెట్ల వేళ్ల పరిధి దాటాక, ఎరువూ ఎక్కువ నీరూ అందని చోట కూంటీ, దాని పక్కన ఫైర్‌బుష్. స్థానిక మొక్కలకు నీరు అక్కర్లేదన్న మాట మొదటి ఏడాది నిజం కాదు. మే చివర్లో వానలు మొదలయ్యేటప్పుడు నాటితే వేరు పట్టడానికి అయిదు నెలల తడి దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చే మొదటి పొడి చలికాలమంతా వారానికి ఒకటి రెండుసార్లు నీళ్లు పోయాలి. రెండో ఏడు నుంచి కూంటీకి వానే సరిపోతుంది. మామిడికి మాత్రం పిందె పడిన దగ్గర్నుంచి వానలు వచ్చేదాకా ఎండాకాలపు తడులు ఏటా ఇవ్వాల్సిందే.